తెర మీది ఆకాశం నిజమైన ఆకాశంలా ఎప్పుడుంటుంది?

మా పదో తరగతి కుర్రాడొకడు ఆ మధ్య ఒక బొమ్మ తెచ్చి నా బల్లమీద పెట్టాడు. శంషాబాద్ విమానాశ్రయం. రన్‌వే మీంచి విమానం అప్పుడే నేల విడిచి లేస్తోంది. పైన కడిగిన పళ్ళెంలాంటి నీలాకాశం, అందులో అక్కడక్కడ దూదిపింజల్లాంటి మబ్బులు. దూరాన ఉన్న ప్రతి గుట్టా ఉలితో చెక్కినట్టు కనిపిస్తోంది.

"మాస్టారూ! జూలై 15న మధ్యాహ్నం మూడు గంటలకు తీసిన ఫొటో. సైన్సు ప్రదర్శనలో 'వానాకాలంలో మన ఆకాశం' అని పెడదామనుకుంటున్నాను. ఎలా ఉంది?" అన్నాడు.

"బొమ్మ బాగానే ఉంది. కాని ఇది ఫొటో కాదురా. కంప్యూటర్లో చేసింది" అన్నాను.

వాడి మొహం చిన్నబోయింది. "ఎలా కనిపెట్టారు మాస్టారూ? విమానం అచ్చం అలాగే ఉందిగా!"

"విమానం అలాగే ఉంది. నిన్ను పట్టిచ్చింది ఆకాశం."

వాడు వాడింది ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే విమానం నడిపే అనుభవాన్ని కంప్యూటర్ తెర మీద కల్పించే కార్యక్రమం. అందులో ఆకాశాన్ని మన ఇష్టం వచ్చినట్టు అమర్చుకోవచ్చు. మావాడు విమానాన్ని ఎంచుకోవడానికి గంటసేపు తంటాలు పడ్డాడు గాని, ఆకాశానికి 'నిర్మలం' అనే మీట నొక్కి ఊరుకున్నాడు. తేదీ డిసెంబరులోనే ఉండిపోయింది. ఆ బొమ్మలోని తప్పులను ఒక్కొక్కటిగా సరిదిద్దుకుంటూ పోతే, మన నెత్తిమీది ఆకాశం గురించి బోలెడు సంగతులు తెలిశాయి. అవే మీకూ చెబుతాను.

ఆకాశం లేని విమానం

మొట్టమొదటి సిమ్యులేటర్లలో ఆకాశమే లేదు. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన ఒక శిక్షణ యంత్రం తయారుచేశాడు. వాళ్ళ కుటుంబానికి ఆర్గన్ వాద్యాలు చేసే కర్మాగారం ఉండేది. ఆ వాద్యాల్లో వాడే గాలితిత్తులతోనే ఆయన చిన్న విమానంలాంటి పెట్టెను అటూ ఇటూ ఒరిగేలా చేశాడు. పైన మూత వేస్తే లోపల కూర్చున్నవాడికి బయట ఏమీ కనబడదు. ఎదురుగా ఉన్న ముళ్ళను, అంకెలను చూసే నడపాలి.

మొదట్లో దాన్ని చాలామంది ఆటబొమ్మగానే చూశారు. 1934లో అమెరికా సైన్యం విమానాల్లో ఉత్తరాలు మోసే పని నెత్తికెత్తుకుంది. మంచులో, చీకట్లో, మబ్బుల్లో దారి తెలియక పైలట్లు అనేకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పుడుగాని లింక్ యంత్రం విలువ తెలిసిరాలేదు. సైన్యం వెంటనే ఆరు యంత్రాలు కొన్నది. ఆకాశాన్ని తప్పుగా అంచనా వేస్తే ఎంత నష్టమో దీన్నిబట్టి చూడండి.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. బ్రూస్ ఆర్ట్‌విక్ రూపొందించిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 1982లో వచ్చినప్పుడు అందులో నేలంటే కొన్ని గీతలు, ఆకాశమంటే ఒక రంగు. 2020 ఆగస్టులో వచ్చిన దాని కొత్త రూపంలో మాత్రం మబ్బుకు లోతు ఉంది, గాలిలోని ధూళికీ లెక్క ఉంది. ఆ నెలలోనే లారా అనే పెనుతుపాను అమెరికా తీరాన్ని తాకింది. ఇళ్ళలో కూర్చున్న ఆటగాళ్ళు తమ తెర విమానాలను ఆ తుపాను మీదుగా నడిపి బొమ్మలు తీసుకున్నారు. ఎక్స్‌ప్లేన్, ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ కూడా ఇలాంటి కార్యక్రమాలే.

పరికరం ఎంత గొప్పదైనా మీటలు తిప్పేది మనమే గదా! ఏ మీట ఎంత తిప్పాలో చెప్పేది మన సైన్సు పాఠం.

మొదట తేదీ, తర్వాత గంట

అన్నిటికంటే ముందు సూర్యుణ్ణి సరైన చోట నిలపాలి.

"నీ విమానం ఎటు పోతోంది?" అని అడిగాను. "తూర్పుకు" అన్నాడు. నీడ దాని ఎడమవైపు, అంటే ఉత్తరంగా పడుతోంది. అక్కడే దొరికిపోయాడు.

హైదరాబాద్ భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు పదిహేడున్నర డిగ్రీల మీద ఉంది. మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తిమీదికి వస్తాడు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. కనుక ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది! మనలో చాలామంది ఏళ్ళ తరబడి ఆ నీడలోనే నడుస్తూ కూడా గమనించని సంగతి ఇది.

జూలై 15న మధ్యాహ్నం మూడు గంటలకు హైదరాబాద్‌లో సూర్యుడు పడమర దిక్కున, కాస్త ఉత్తరానికి జరిగి, సుమారు 53 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మీటరు కర్ర నాటితే దాని నీడ ముప్పాతిక మీటరు, తూర్పుగా కాస్త దక్షిణానికి వాలి ఉంటుంది. డిసెంబరు 15న అదే గంటకు సూర్యుడి ఎత్తు 32 డిగ్రీలే. నీడ మీటరున్నర దాటుతుంది, ఈశాన్యానికి పడుతుంది. మావాడి బొమ్మలో ఉన్నది ఈ నీడే.

గంట విషయంలో మరో చిక్కు ఉంది. విమానాల లోకమంతా ఒకే గడియారం వాడుతుంది. దాన్ని విశ్వకాలం అంటారు. మన గడియారం దానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. మీ కార్యక్రమం స్థానిక కాలం అడుగుతోందో, విశ్వకాలం అడుగుతోందో చూసుకోండి. విశ్వకాలం అడిగే చోట 15 గంటలు అని వేస్తే, మనకు రాత్రి ఎనిమిదిన్నర అయి బొమ్మ చీకటైపోతుంది.

దగ్గర నలుపు, దూరం తెలుపు

ఇక రెండో తప్పు, చెక్కినట్టు కనిపించే గుట్టలు.

సూర్యకాంతి గాలిలోంచి వచ్చేటప్పుడు గాలి అణువులు దానిని నలుమూలలకూ చెదరగొడతాయి. దీన్నే పరిక్షేపణం అంటారు. చిన్న తరంగాలు ఎక్కువగా, పెద్ద తరంగాలు తక్కువగా చెదురుతాయని 1871లో రాలే లెక్కగట్టి చూపాడు. ఎరుపు కాంతి కంటే నీలి కాంతి నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. ఆకాశం నీలంగా ఉండడానికి కారణం అదే. సూర్యుడు దిగంతంలో ఉన్నప్పుడు అతని కాంతి నడినెత్తిన ఉన్నప్పటికంటే సుమారు 38 రెట్లు గాలిని దాటి రావాలి. దారిలో నీలమంతా చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది.

గాలిలో అణువులే కాదు, ధూళి, పొగ, నీటి తుంపర కూడా ఉంటాయి. ఈ కణాలు పెద్దవి. ఇవి రంగు భేదం పెద్దగా లేకుండా అన్ని కాంతులనూ చెదరగొడతాయి. అందుకే దుమ్ము పట్టిన ఆకాశం తెల్లగా పాలిపోతుంది. దూరపు కొండకూ మనకూ మధ్య ఉన్న గాలి తన తెల్లని వెలుగును కొండమీద పరదాలా కప్పుతుంది. దూరం పెరిగేకొద్దీ పరదా మందమవుతుంది.

ఎంత మందం? దీనికి చక్కని లెక్క ఉంది. నల్లని వస్తువుకూ, దాని వెనక ఉన్న ఆకాశానికీ మధ్య తేడా దగ్గరలో 100 అనుకోండి. ఆ తేడా 2కు పడిపోయే దూరాన్ని వాతావరణ శాస్త్రంలో దృశ్యత అంటారు. తేడా సమాన దూరాలకు సమాన నిష్పత్తిలో తగ్గుతుంది. దృశ్యత 6 కి.మీ. అయితే:

1.5 కి.మీ. దగ్గర తేడా 38
3 కి.మీ. దగ్గర 14
4.5 కి.మీ. దగ్గర 5
6 కి.మీ. దగ్గర 2

చూశారా! దృశ్యత 6 కి.మీ. అన్నారు గదా అని 5 కి.మీ. దూరపు గుట్ట స్పష్టంగా కనిపిస్తుందనుకోకూడదు. అది అప్పటికే పొగలో గీసిన గీతలా ఉంటుంది. మావాడు దృశ్యతను చివరంటా తిప్పేశాడు. ధూళి బొత్తిగా లేకుండా గాలి అణువులు మాత్రమే ఉన్నా, సముద్రమట్టం దగ్గర దృశ్యత సుమారు 300 కి.మీ.కు మించదు. అలాంటి గాలి మన ఊళ్ళమీద ఏ కాలంలోనూ ఉండదు.

కొన్ని కార్యక్రమాలు దృశ్యతను మైళ్ళలో గాని, కిలోమీటర్లలో గాని అడుగుతాయి. కొన్నింటిలో గాలిలోని ధూళి ఎంత అనే మీట ఉంటుంది. అలాంటప్పుడు ఆ మీటను తిప్పుతూ, దూరం తెలిసిన ఒక భవనాన్నో గుట్టనో చూసి పై లెక్కతో సరిపెట్టుకోవాలి.

కాలాన్నిబట్టి కూడా ఆలోచించాలి. జోరువాన వెలిసిన వెంటనే గాలి కడిగినట్టు ఉంటుంది, దూరపు గుట్టలు దగ్గరికి జరిగినట్టుంటాయి. చలికాలపు ఉదయం నేల దగ్గరి చల్లగాలి పైకి లేవదు గనుక పొగ పలచని దుప్పటిలా పరుచుకుంటుంది. 10 కి.మీ. ఎత్తుకు వెళితే వాతావరణంలో సుమారు ముప్పాతిక వంతు మన కిందే ఉండిపోతుంది. అక్కడ పైకి చూస్తే ఆకాశం ముదురు నీలంగానూ, కింద దిగంతం దగ్గర తెల్లని పట్టీగానూ కనిపించాలి.

మబ్బు అడుగు ఎంత ఎత్తున?

మావాడు మబ్బులను ఇష్టమొచ్చిన ఎత్తుల్లో చల్లాడు. నిజానికి ఒక మధ్యాహ్నం లేచే దూదికుప్ప మబ్బుల అడుగులన్నీ దాదాపు ఒకే ఎత్తున, బల్ల పరచినట్టు ఉంటాయి. ఎందుకని?

గాలిని ఎంతదాకా చల్లబరిస్తే అందులోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలుపెడుతుందో ఆ ఉష్ణోగ్రతను డ్యూ పాయింట్ అంటారు. వేడెక్కిన నేలమీంచి లేచిన గాలి ప్రతి కిలోమీటరుకూ సుమారు 10 డిగ్రీలు చల్లబడుతుంది. పైకి పోయేకొద్దీ దాని డ్యూ పాయింట్ కూడా కిలోమీటరుకు రమారమి 2 డిగ్రీలు తగ్గుతుంది. అంటే రెండింటి మధ్య ఎడం కిలోమీటరుకు 8 డిగ్రీల చొప్పున పూడుతుందన్నమాట. ఒక్క డిగ్రీ పూడడానికి 1000ని 8తో భాగిస్తే 125 మీటర్లు.

కనుక సూత్రం ఇది: నేలమీది ఉష్ణోగ్రతలోంచి డ్యూ పాయింట్‌ను తీసివేసి, వచ్చినదాన్ని 125తో హెచ్చించండి. మబ్బు అడుగు ఎత్తు మీటర్లలో వస్తుంది. ఉష్ణోగ్రత 28, డ్యూ పాయింట్ 22 అయితే, 6ను 125తో హెచ్చించగా 750 మీటర్లు. అంటే దాదాపు 2,500 అడుగులు. ఎండాకాలంలో ఈ తేడా ఎక్కువ గనుక మబ్బులు ఎత్తున ఉంటాయి. వానాకాలంలో తక్కువ గనుక కిందికి దిగుతాయి. తేడా సున్నాకు చేరితే మబ్బు నేలమీదికే వస్తుంది. అదే పొగమంచు.

విమానాశ్రయం చెప్పే వార్త

ఇవన్నీ ఊహించుకోనక్కరలేదు. పెద్ద విమానాశ్రయాలు అరగంటకో, గంటకో ఒకసారి తమ వాతావరణాన్ని తంతివార్తలాంటి పొట్టి భాషలో ప్రకటిస్తాయి. దాన్ని మెటార్ అంటారు. ఎవరైనా చూడవచ్చు. లెక్క కోసం నేనే కల్పించిన ఒక మెటార్ ఇదిగో:

వి.ఓ.హెచ్.ఎస్. 150930 జెడ్, 25012 కె.టి., 6000, ఎస్.సి.టి. 025, బి.కె.ఎన్. 100, 28/22, క్యూ 1006

మొదటిది శంషాబాద్ విమానాశ్రయపు గుర్తు. 15వ తేదీ, విశ్వకాలం 9 గంటల 30 నిమిషాలు. అయిదున్నర కలిపితే మనకు మధ్యాహ్నం మూడు. గాలి 250 డిగ్రీల దిక్కునుంచి 12 నాట్ల వేగంతో, అంటే గంటకు 22 కి.మీ. వేగంతో వీస్తోంది. దృశ్యత 6,000 మీటర్లు. ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేస్తే మూడు నాలుగు భాగాలను కప్పే మబ్బులు 2,500 అడుగుల ఎత్తున, అయిదు నుంచి ఏడు భాగాలను కప్పే మబ్బులు 10,000 అడుగుల ఎత్తున ఉన్నాయి. ఉష్ణోగ్రత 28, డ్యూ పాయింట్ 22. చివరిది గాలి పీడనం. మన సూత్రం చెప్పిన ఎత్తు, మెటార్‌లోని కింది మబ్బుల ఎత్తు ఒకటే అయ్యాయి, గమనించారా?

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మెటార్‌లో మబ్బు ఎత్తు విమానాశ్రయపు నేలనుంచి కొలిచింది. కొన్ని సిమ్యులేటర్లు సముద్రమట్టంనుంచి ఎత్తు అడుగుతాయి. శంషాబాద్ నేల సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైచిలుకు ఎత్తున ఉంది. అక్కడ 2,500 అని వేస్తే మబ్బు నేలకు 500 అడుగులైనా లేకుండా నెత్తిమీద కూర్చుంటుంది! రెండూ కలిపి సుమారు 4,500 అని వేయాలి. సముద్రతీరపు ఊళ్ళకు ఈ బాధ ఉండదు.

గాలి ఎటు, నేల ఎలా?

గాలి దిక్కు అంటే గాలి వచ్చే దిక్కు. 250 డిగ్రీలంటే నైరుతి పడమరల మధ్య. విమానం సాధారణంగా గాలికి ఎదురుగా పరుగెత్తి లేస్తుంది. అలా అయితే తక్కువ పరుగుతో రెక్కలకు చాలినంత గాలి అందుతుంది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. కనుక ఆ మధ్యాహ్నం విమానం పడమరకే లేవాలి. మావాడి విమానం తూర్పుకు లేస్తోంది. రన్‌వే పక్కనున్న గాలిసంచి మాత్రం తోక తూర్పుకు పెట్టి నిజం చెబుతూనే ఉంది!

నేలను కూడా మరిచిపోకూడదు. తడిసిన మట్టి ముదురుగా కనిపిస్తుంది, ఎందుకంటే నీరు నిండిన మట్టిలో కాంతి ఎక్కువ లోతుకు పోయి, తిరిగి తక్కువగా బయటికి వస్తుంది. నిలిచిన నీరు ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది. చాలా కార్యక్రమాల్లో నేల బొమ్మ ఉపగ్రహ చిత్రాలనుంచి వస్తుంది. మబ్బు లేనప్పుడు తీసిన చిత్రాలే పనికొస్తాయి గనుక, మన ప్రాంతాల నేల తరచు ఎండుకాలపు గోధుమరంగులో ఉంటుంది. జూలై ఆకాశం కింద ఆ నేల అతకదు. నేల ఎక్కువ కనబడని కోణం ఎంచుకోవడమే దీనికి ఉపాయం.

ఇక కెమెరా సంగతి. నిజమైన కెమెరాకు వెలిగే మబ్బునూ, దాని నీడలోని నేలనూ ఒక్కసారే స్పష్టంగా పట్టడం కష్టం. ఒకటి తెల్లబడుతుంది, లేదా మరొకటి నల్లబడుతుంది. బొమ్మలో అన్నీ సమానంగా వెలిగితే కంటికి అనుమానం వస్తుంది.

మీరూ చేసి చూడండి

గాజుగ్లాసు నిండా నీళ్ళు పోసి నాలుగు చుక్కల పాలు కలపండి. చీకటి గదిలో ఒక పక్కనుంచి టార్చి వేయండి. పక్కనుంచి చూస్తే నీళ్ళు లేతనీలంగా, ఎదురుగా చూస్తే టార్చి వెలుగు పసుపు ఎరుపులుగా కనిపిస్తాయి. మరిన్ని పాలు పోస్తే అంతా తెల్లబడుతుంది. నీలాకాశం, సాయంసంధ్య, దుమ్ము పట్టిన దిగంతం మూడూ ఆ గ్లాసులోనే ఉన్నాయి.

మీ ఊళ్ళో ఒక నీళ్ళట్యాంకు, ఒక గుడి, ఒక గుట్ట ఇలా మూడు దూరాల్లో ఉన్నవాటిని ఎంచుకోండి. మేడ మీంచి నెలరోజులు ఒకే వేళకు చూసి ఏది ఎంత స్పష్టంగా ఉందో రాసుకోండి. తర్వాత సిమ్యులేటర్ ముందు కూర్చుంటే మీ చెయ్యి తప్పు మీట తిప్పదు.

ఫొటోనా, బొమ్మా?

మావాడు వారంపాటు కష్టపడ్డాడు. తేదీ మార్చాడు, గాలి మార్చాడు, విమానాన్ని పడమరకు తిప్పాడు. మబ్బులను 4,500 అడుగులకు లేపి, దృశ్యతను 6 కి.మీ.కు దించాడు. ఈసారి గుట్టలు కరిగిపోయి కనిపించాయి. రన్‌వే తడిగా మెరిసింది. ఆకాశం మూడువంతులు బూడిదరంగు. మొదటి బొమ్మంత అందంగా లేదు గాని, చూడగానే వానవాసన వచ్చినట్టయింది. తరగతిలో అందరూ ఫొటో అనే అనుకున్నారు.

"ఇప్పుడు ఫొటో అని పెట్టవచ్చా మాస్టారూ?" అని అడిగాడు.

"ఇప్పుడు అసలే పెట్టకూడదు" అన్నాను.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైన రోజుల్లో, ఒక యుద్ధవిమానం మరో విమానాన్ని కూల్చే దృశ్యం ఫోన్లలో దేశదేశాలు తిరిగింది. లక్షలమంది నిజమనుకున్నారు. తీరా చూస్తే అది డి.సి.ఎస్. అనే సిమ్యులేటర్లో తీసింది. అబద్ధం అబద్ధంలా ఉన్నంతకాలం దానివల్ల ప్రమాదం తక్కువ. అచ్చం నిజంలా ఉన్నప్పుడే ఇది బొమ్మ అని చెప్పవలసిన బాధ్యత మనమీద పడుతుంది.

మావాడు కాసేపు ఆలోచించాడు. ప్రదర్శన రోజున చూస్తే బొమ్మ కింద పెద్ద అక్షరాలతో 'ఇది సిమ్యులేటర్లో తీసిన చిత్రం' అని రాసి ఉంది. దాని పక్కనే మెటార్, నీడ లెక్క, మబ్బు ఎత్తు లెక్క. చూడవచ్చినవాళ్ళు బొమ్మ దగ్గర ఒక నిమిషం నిలబడితే, ఆ లెక్కల దగ్గర పది నిమిషాలు నిలబడ్డారు.

చివరగా మీకొక ప్రశ్న. అదే చిత్రానికి ఒకమ్మాయి నేలమీంచి కనిపించే ఇంద్రధనుస్సు జోడించమంది. సూర్యుడు 53 డిగ్రీల ఎత్తున ఉన్నాడు. జోడించవచ్చా?

జవాబు: కూడదు. ఇంద్రధనుస్సు సూర్యుడికి సరిగ్గా ఎదురు దిశ చుట్టూ 42 డిగ్రీల వలయంగా ఏర్పడుతుంది. సూర్యుడు 42 డిగ్రీల కంటే ఎత్తున ఉంటే ఆ వలయమంతా దిగంతం కిందికి పోతుంది. నేలమీద నిలబడి ఆకాశంలో చూసేవారికి కనబడదు. విమానంలోంచి కిందికి చూసేవారికి కనబడవచ్చు!